దీనమ్మ సంతకం

మా విచారణలో, అంటే మా చర్చి పారిష్‌లో, ఫాదర్ గారు సరేనన్నా, బిషప్ గారు సరేనన్నా, దీనమ్మ సంతకం లేనిదే పెళ్ళి జరగదు. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు, అలా అలవాటైపోయింది. పెళ్ళికి ముందు జంటలు ఆరు ఆదివారాలు గుడి పక్క హాల్లో క్లాసులకు రావాలి. ఆ క్లాసులు చెప్పేది ఆవిడే, చివర్న సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేదీ ఆవిడే. దాన్ని టైపు చేసేవాణ్ణి నేను. పేరు బుల్లిబాబు. రైల్వేలో గుమాస్తాగా రిటైరై, ఊరికే కూర్చోలేక గుడి ఆఫీసులో చేరాను. రైల్వేలో ఎందరో ఆఫీసర్ల కింద పనిచేశాను గానీ ఇంత మొండిమనిషిని మాత్రం చూడలేదు.

దీనమ్మది ఫిరంగిపురం. ముప్ఫై ఏళ్ళు కాన్పుల వార్డులో నర్సుగా చేసింది. ఇప్పుడు హైటెక్ సిటీలో ఒక కంపెనీ నాలుగో అంతస్తులో ప్రథమ చికిత్స గది చూసుకుంటుంది. తలనొప్పి అని వచ్చినవాడికి మాత్ర చేతిలో పెట్టి, "పొద్దున ఏం తిన్నావురా?" అని నిలదీస్తుంది. భర్త సాల్మన్ క్యాబ్ నడుపుతాడు. నల్లగండ్లలో చిన్న ఫ్లాటు, కొడుకు చెన్నై వెళ్ళాక ఒక గది ఖాళీ.

ఏటా మార్చిలో మా గుడివాళ్ళు కడుపులోని బిడ్డల కోసం ర్యాలీ తీస్తారు. 'పుట్టబోయే బిడ్డను బతకనివ్వండి' అని అట్టలు పట్టుకుని మెయిన్ రోడ్డు మీద నడుస్తారు. నేనూ నడుస్తాను. దీనమ్మ రాదు. ఎందుకు రారమ్మా అంటే, "అట్ట మొయ్యటం తేలికే బుల్లిబాబూ, బిడ్డని మొయ్యటమే కష్టం" అని హాల్లో మజ్జిగ కలుపుతూ ఉండిపోతుంది. ఆ మాటకి నాకు చాలాసార్లు ఒళ్ళు మండింది.

పోయిన జనవరిలో క్లాసులకు వచ్చిన జంటల్లో జెస్సికా, కిరణ్ పాల్ ఉన్నారు. అమ్మాయిది మదీనాగూడ, అబ్బాయిది ప్రగతి నగర్, ఇద్దరిదీ ఒకే ఆఫీసు. పెళ్ళి మే నెలలో అనుకున్నారు. ఐదు క్లాసులయ్యాక ఒకరోజు జెస్సికా తల్లి నా ఆఫీసులోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"అన్నా, పెండ్లి ఈ వారంలనే అయిపోవాలె. పిల్లకు మూడో నెల."

పది రోజుల్లో విభూది బుధవారం. ఆ రోజుతో తపస్సు కాలం మొదలైతే ఈస్టర్ దాకా మా గుళ్ళో పెళ్ళిళ్ళు చెయ్యరు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

"అప్పటిదాంక ఆగితే కడుపు కనబడ్తది. నలుగుర్ల తల ఎట్ల ఎత్తుకోవాలె? పెండ్లన్నా కావాలె, లేకుంటే దవాఖానకన్నా తీస్కపోవాలె. దవాఖానల అడిగే వచ్చిన."

అట్టలు మోసినవాణ్ణి కదా, ఇప్పుడైనా పనికొద్దామనుకున్నాను. మూడు ఆదివారాలు గుళ్ళో చదవాల్సిన పెళ్ళి ప్రకటన ఒక్కసారికే సరిపెట్టేలా ఫాదర్ గారిచేత బిషప్ గారి అనుమతి తెప్పించాను. సర్టిఫికెట్ టైపు చేసి పెట్టాను. ఇక మిగిలింది ఆరో క్లాసు, సంతకం.

ఆరో క్లాసులో దీనమ్మ ఇద్దర్నీ విడివిడిగా పిలిచి, పెళ్ళిలో ఫాదర్ అడగబోయే ప్రశ్నలు ముందే అడుగుతుంది. ఎవరి బలవంతమూ లేకుండా వచ్చావా, చివరిదాకా తోడుంటావా, దేవుడిచ్చే బిడ్డల్ని ప్రేమగా స్వీకరిస్తావా అని. సాక్షిగా నన్నూ కూర్చోబెడుతుంది, నోరు మెదపకూడదన్న షరతు మీద.

ముందు కిరణ్ వచ్చాడు. సంగతి నేను ముందే దీనమ్మ చెవిన వేశాను.

"కాసేపు ఈ బిడ్డ లేదనుకో బాబూ. ఈ వారంలో ఈ అమ్మాయిని చేసుకుంటావా?"

వాడు బూట్ల వంక చూశాడు. "తెలీదండి" అన్నాడు.

తర్వాత జెస్సికా. "పెళ్ళి లేదనుకో తల్లీ. బిడ్డ కావాలా?"

ఆ పిల్ల ఒక్కసారిగా ఏడ్చేసింది. "కావాలె ఆంటీ. గానీ ఒక్కదాన్ని ఎట్ల పెంచాలె?"

దీనమ్మ సర్టిఫికెట్ నా వైపు తోసేసింది. నేను షరతు మర్చిపోయి అరిచాను.

"మీ పట్టుదలకి ఒక ప్రాణం పోతుందమ్మా! ఒక్క సంతకం పెడితే ఏం పోయింది?"

"భయపడి చేసుకున్నది పెళ్ళి కాదు బుల్లిబాబూ. మా చెల్లికి ఇలాగే హడావుడిగా కట్టబెట్టారు. రెండేళ్ళు తిరక్కుండా వాడు వెళ్ళిపోయాడు, పోతూ పోతూ 'నిన్ను నేను కోరి చేసుకోలేదుగా' అన్నాడు. నేను పెళ్ళిని ఆపుతున్నాను, బిడ్డని కాదు."

"ఎలా కాదు? వాళ్ళమ్మ ఊరుకుంటుందా?"

ఆవిడ చేతిసంచీ తీసుకుని, జెస్సికాని వెంటపెట్టుకుని మదీనాగూడ ఆటో ఎక్కింది. నేనూ ఎక్కాను, తప్పంతా ఆవిడదేనని తేల్చాలని. ఇంట్లో తల్లి ఎగిరిపడింది.

"నలుగురు ఏమంటరు? కుండకు మూకుడు పెడ్తం గానీ లోకం నోటికి పెడ్తమా?"

"లోకం దాకా ఎందుకండీ, అనేది మన గుడివాళ్ళే కదా. ప్రతి ఆదివారం నేను పిల్ల పక్కన కూర్చుంటాను. ఎవరేమన్నా నన్ను దాటుకుని అనాలి. పిల్ల మీ కళ్ళముందు ఉండటమే కష్టమైతే మా ఇంట్లో గది ఖాళీగా ఉంది. కాన్పు నేను చూసుకుంటాను. అది నా పనేగా."

తల్లి కొంగులో మొహం దాచుకుని చాలాసేపు ఏడ్చింది. చివరికి, "నా బిడ్డను జర మంచిగ చూస్కోండ్రి" అంది.

అలా జెస్సికా నల్లగండ్ల చేరింది. మార్చి ర్యాలీలో అట్టలు మోసినవాళ్ళే, వేసవిలో ఆ పిల్ల పొట్ట చూసి గుసగుసలాడారు. దీనమ్మ ఆ పిల్లని మొదటి వరసలోనే కూర్చోబెట్టి, వెనక్కి తిరిగి ఒక్కొక్కరికీ పేరుపేరునా నమస్కారం పెట్టేది. గుసగుసలు చేసినవాళ్ళలో నా భార్య కూడా ఉంది. అంత దాకా వస్తుందని అనుకోలేదు, నాకు తల తీసేసినట్టయింది.

ఈస్టర్ తర్వాత ఒక శనివారం కిరణ్ పాల్ దానిమ్మకాయల సంచీతో నల్లగండ్ల వచ్చాడట. సాల్మన్ తలుపు తీశాడు. పైవారం మళ్ళీ వచ్చాడు. తర్వాత ఆసుపత్రి చెకప్‌లకు జెస్సికాని తనే కారులో తీసుకెళ్ళటం మొదలుపెట్టాడు. ఇంట్లో ఎవరూ పెళ్ళి మాటెత్తలేదు. సెప్టెంబరులో ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి కాగితంలో 'మీరు ఏమవుతారు' అన్నచోట వాడు 'తండ్రి' అని రాశాడని సాల్మన్ నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

అక్టోబరులో కిరణ్ నా ఆఫీసుకొచ్చాడు.

"అంకుల్, పెళ్ళి ప్రకటన వెయ్యండి."

"ఒక్కసారికి సరిపెట్టమంటావా?"

"వద్దండి. మూడు వారాలూ చదవండి. అందరూ వినాలి."

మళ్ళీ అదే హాలు, అదే బల్ల. దీనమ్మ వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టింది. ఈసారి నేను నోరు మెదపలేదు.

"కాసేపు ఈ బిడ్డ లేదనుకో బాబూ..."

"అమ్మా," వాడు మధ్యలోనే ఆపాడు. "జెస్సికాని చేసుకుంటాను. బిడ్డ ఉన్నా చేసుకుంటాను, లేకపోయినా చేసుకునేవాణ్ణే. ఆ రోజు ఆ మాట చెప్పే ధైర్యం లేకపోయింది. కానీ ఒక్కటి, నా కూతురు లేదనుకోమని మాత్రం ఇంకెప్పుడూ అడక్కండి."

దీనమ్మ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. తర్వాత నా వైపు చెయ్యి చాపింది.

"ఏంటలా చూస్తున్నావు బుల్లిబాబూ? పెన్నియ్యి."