సింహద్వారం రెక్క

మొన్న ఇల్లందులో వడ్రంగి కొట్టు ముందు బస్సు ఆగితే టేకు పొట్టు వాసన వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

నా చిన్నప్పుడు బూర్గంపాడులో మా సింహద్వారం టేకు తలుపు రెక్కల్లో ఒకటి గోదావరి వరదకు కొట్టుకుపోయింది. వానలు తగ్గాక నాయన వసారాలో కూర్చుని చెక్క చిత్రిక పడుతుంటే ఏంటని అడిగాను.

"రెక్కలు చేస్తున్న బిడ్డా."

పోయిన రెక్కకు జోడు వస్తోందని బడిలో గొప్పగా చెప్పుకున్నాను. సాయంత్రం వచ్చేసరికి మిగిలిన రెక్క కూడా గుమ్మానికి లేదు. ముక్కలై నేల మీద ఉంది. నాయన చేతిలో చేప రెక్కలాంటి చెక్క. విశాఖలో అలల మీద పలకలెక్కి ఆడేవాళ్లకట, పలక అడుగున బిగించడానికట.

ఎదురింటి రాజవ్వ తొంగిచూసి నవ్వింది. "ఏంది దొరా, తలుపు కోసి చేపలకు పెడుతున్నవా?"

"అవ్ రాజవ్వా. మా ఇంట్ల కావలి కాయనీకి ఏమున్నది? గిదన్న పోయి సముద్రం చూస్తది."

ఆయనా నవ్వాడు. నేను ఆ రెక్కను లాక్కొని నేలకేసి కొట్టాను. అది విరగలేదు. నాయన దాన్ని తీసుకుని మళ్లీ గరుకు కాగితంతో రుద్దసాగాడు. నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మా దొరల వంశంలో తన చేతులతో ఒక వస్తువు చేసినవాడు ఆయనొక్కడే. ఆ మాట ఆయన ఉండగా నా నోట రాలేదు. ఇప్పుడు నా కోపమంతా ఆ నోటి మీదే.