పెద్దమ్మ పంచిన సగం

మా పక్కింటి పెద్దమ్మ మొన్న గురువారం కన్నుమూసింది. బీడీల చేట ఒళ్లో ఉండగానే గోడకు ఒరిగిపోయిందట. నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె వాకిలి నిండా జనం. మాకు చుట్టరికమేమీ లేదు. మా ఆయన దుబాయిలో ఉంటాడు. ఈ ఆర్మూర్‌లో నాకు మనిషంటూ ఉన్నది ఆమె ఒక్కతే.

ప్రతి ఆదివారం ఇద్దరం అంగడికి పోయేవాళ్లం. పాత చీరతో కుట్టిన సంచులు, మూతలున్న స్టీలు డబ్బాలు ఆమె వెంట ఉండాల్సిందే. పప్పు ప్యాకెట్ కాకుండా కిలో విడిగా కొని, ఇంటికొచ్చాక గిన్నెతో కొలిచి చెరి సగం చేసేది. పుచ్చు వంకాయను నేను పక్కన పెడితే మళ్లీ తీసుకునేది. "పురుగే తింటుంటే మనకేం భయం బిడ్డా? మందు తక్కువ కొట్టిన్రన్నట్టు." ఎవరైనా కవరు తీస్తే చాలు, "జర ఆగు. నాకద్దు, మా బర్రెను మింగింది గదే," అనేది. దొంకేశ్వర్ ఊళ్లో ఉన్నప్పుడు ఆమె బర్రె మేత మానేసి చచ్చిపోయింది. డాక్టర్ పొట్ట కోస్తే కవర్ల ముద్ద బయటపడిందట. "అండ్ల నేను పారేసినయి ఎన్నో!" అని చెప్పేటప్పుడు మాత్రం ఆమె నవ్వేది కాదు.

పిల్లలకు పరిసరాల పాఠం చెప్పేది నేను. శ్రీరంగనీతులు నావి, చేత ఆమెది. ఒకసారి నా సంచిలో కొత్తిమీర కింద దాచిన పసుపు ప్యాకెట్ ఆమె కంట పడింది. "ఊరంత పసుపు కుప్పలుంటే పాకిట్ల పసుపు తెచ్చినవా టీచరమ్మా?" అని పడీపడీ నవ్వింది. మర్నాడే కొమ్ములు కొనిపించి, పసుపు పట్టించడానికి నన్ను గిర్నీకి లాక్కుపోయింది.

ఆమె పోవడానికి ముందటి ఆదివారం అంగడికి రమ్మని పిలిస్తే, తలనొప్పి అని అబద్ధం చెప్పాను. ఎండలో ఆ డబ్బాలు మోయాలంటే విసుగేసింది. ఆమె మలుపు తిరగగానే ఆటో ఎక్కి సూపర్‌మార్కెట్‌కు పోయి, అన్నీ ప్యాకెట్లలోనే తెచ్చుకున్నాను. సాయంత్రం మా రెండిళ్ల మధ్య పిట్టగోడ దగ్గర నుంచి పిలిచింది. చేతిలో పప్పు డబ్బా.

"తలకాయ నొప్పి తగ్గిందా బిడ్డా? పెసరపప్పు మస్తుగున్నది. గీ సగం నీది."

అదే పప్పు ప్యాకెట్ నా వంటింట్లో ఉంది. చెప్పలేకపోయాను. వచ్చే ఆదివారం దారిలో చెప్పేసి, తిట్లు తిందామనుకున్నాను. ఇప్పుడు తిట్టేవాళ్లు లేరు, సిగ్గు మాత్రం మిగిలింది.

నిన్న ఒక్కదాన్నే అంగడికి పోయాను. పప్పులమ్మే ఆమె అలవాటు కొద్దీ కిలో పోసింది. సగం చాలనడానికి నాకు నోరు రాలేదు. ఇంటికొచ్చి గిన్నెతో కొలిచి చెరి సగం చేశాను. పెద్దమ్మ సగం డబ్బాలో పోసి, మూత పెట్టి, పిట్టగోడ మీద ఉంచాను. చీకటి పడేదాకా అది అక్కడే ఉంది.