డంబరిన్ భూకంపానికి కొత్త అంకె

డంబరిన్‌లో ఇటుక పని అంటే లెస్టర్ పాస్కోదే. హోటల్ వరండా స్తంభాలు, గోధుమ రైతుల సంఘం ఆఫీసు, చర్చి పక్క గది, అన్నీ ఆయన చేతుల మీదుగా లేచినవే. పెళ్ళి కుదిరాక ఏవిస్ కోసం రైలు పట్టాల అవతల ఇల్లు కూడా తానే కట్టాడు. వంటగదిలోకి ఎండ రావాలని ఆమె ముచ్చటపడితే తూర్పు గోడకు పెద్ద కిటికీ పెట్టాడు.

ఆ గోడే ఆమె మీద పడింది.

భూకంపం వచ్చిన ఆ ఉదయం ఏవిస్ టీలోకి స్కోన్ రొట్టెలకు పిండి కలుపుతోంది. లెస్టర్ ఇటుకలు తొలగించి ఆమెను బయటికి లాగాడు. కుడి మోకాలు నుజ్జయింది. ఆమె బతికింది, కుంటుతూనే ఇద్దరు కూతుళ్ళను పెంచి పెద్ద చేసింది. లెస్టర్ మాత్రం మళ్ళీ ఇటుక ముట్టలేదు. ధాన్యం గిడ్డంగిలో పనికి కుదిరాడు.

ఆ రోజు గురించి ఎవరడిగినా ఆయనది ఒకటే మాట. "ఆరు పాయింట్ ఏడయ్యా! దానికి ఏ గోడ నిలుస్తుంది?" ఊరికి కూడా ఆ అంకె అంటే గర్వమే. ఊరి హాలు ముందు రాయి మీద చెక్కించుకున్నారు.

ముప్ఫై ఏళ్ళు దాటాక రేడియోలో చెప్పారు. పాత భూకంపాలన్నింటినీ మళ్ళీ లెక్క కట్టారట. డంబరిన్‌ది ఆరు పాయింట్ ఒకటేనట.

హోటల్లో ఒకటే గోల. "నిధులు కోసింది చాలక మన భూకంపాన్ని కూడా రాజధాని పెర్త్ వాళ్ళు కోసేశారు!" అన్నాడు లారీ నడిపే మెర్వ్. ఆ ఊపులోనే లెస్టర్ వీపు చరిచాడు. "ఏరా, అంతమాత్రానికే కూలిందా నీ గోడ? ఇసుకలో సిమెంటు కలిపావా, పంచదార కలిపావా?"

అందరూ నవ్వారు. లెస్టరూ నవ్వాడు. గ్లాసులో బీరు సగం వదిలేసి ఇంటికొచ్చాడు.

ఆ తర్వాత మనిషి మనిషిలా లేడు. ఏవిస్ కాలు చాపుకుని కూర్చుంటే చూపు తిప్పుకునేవాడు. టీ కప్పు ఆమె ముందు పెట్టి షెడ్డులోకి పోయేవాడు. కొన్నాళ్ళు ఓపిక పట్టి, చివరికి ఆమే షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏమైంది నీకు?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఇక్కడేం చేస్తున్నావ్, గుడ్లు పొదుగుతున్నావా?"

ఆయన తల ఎత్తలేదు. "అంకె తగ్గింది ఏవిస్. అంటే తప్పు నా గోడదేమో. అంత కిటికీ పెట్టకుండా ఉండాల్సింది."

"కిటికీ అడిగింది నేను," అంది ఆమె.

భూకంపాల ఆఫీసు నుంచి టెస్ వూకిచ్ అనే అమ్మాయి ఆ వారమే ఊరికి వచ్చింది, నాటి సంగతులు తెలిసిన వాళ్ళతో మాట్లాడడానికి. ఏవిస్ ఆమెను టీకి పిలిచింది. కప్పు చేతికిచ్చీ ఇవ్వకముందే అడిగేసింది. "అమ్మాయ్, మా భూకంపం ఎలా చిన్నదైందో ఈయనకు చెప్పు."

"భూకంపం చిన్నది కాలేదమ్మా, కొలిచే పద్ధతి మారింది," అంది టెస్. "అప్పట్లో కాలిఫోర్నియా లెక్కనే ఇక్కడా వాడారు. అక్కడి నేలంతా పగుళ్ళే, కంపం కొంత దూరం పోయేసరికే నీరసపడిపోతుంది. మన కింద ఉన్నది పాత గట్టి రాయి. ఎంత దూరం పోయినా కంపం అంతగా తగ్గదు. దూరాన ఉన్న యంత్రంలో పెద్ద గీత పడితే, భూకంపమే పెద్దదనుకున్నారు."

"అయితే నా గోడ?" అన్నాడు లెస్టర్.

"మీ గోడ ఎలాంటిదో నేను చెప్పలేను పాస్కో గారూ. అది చూడలేదు కదా. కానీ ఆ అంకె భూమి లోపలిది, మీ వంటగదిది కాదు. పగులు మీ ఊరి కిందే, అదీ పైపైనే వచ్చింది. లోతున వచ్చిన ఏడు కన్నా అలాంటి ఆరే ఎక్కువ కూల్చొచ్చు. ఇక్కడ ఎంత ఊగిందో కొలిచే యంత్రం అప్పుడు లేదు. మీరు చెబితేనే మాకు తెలుస్తుంది. చెబుతారా?"

లెస్టర్ కప్పు పక్కన పెట్టాడు.

"ముందు చప్పుడు. గూడ్సు బండి ఇంట్లోకి వచ్చినట్టు. నిలబడలేక పాకుతూ వచ్చాను. పొయ్యి ఆ గోడ నుంచి ఈ గోడకు జారిపోయింది. ఈమె కనబడలేదు. చెయ్యి ఒక్కటే కనబడింది, పిండి అంటుకుని. ఇటుకలు తీస్తూ మాట్లాడుతూనే ఉన్నాను. పలకదే! నా మాట ఆగితే పోతుందనిపించింది. ఏం మాట్లాడాలో తోచక మన ఫుట్‌బాల్ జట్టులో అందరి పేర్లూ చదివాను. అయిపోతే మళ్ళీ మొదటినుంచి."

ఏవిస్ నోరు తెరిచి చూసింది. "ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వు అడగలేదు."

"ప్రాణం పోతున్న పెళ్ళానికి ఫుట్‌బాల్ వాళ్ళ పేర్లా? ప్రేమగా ఒక్క ముక్క దొరకలేదూ?"

"దొరకలేదు," అన్నాడు లెస్టర్.

ఆమె నవ్వబోయింది, కళ్ళు నిండాయి. బల్ల మీదుగా చెయ్యి చాచి ఆయన వేళ్ళు పట్టుకుంది. టెస్ కాసేపు రాయడం ఆపి కిటికీలోంచి బయటికి చూసింది.

హాలు ముందు రాయి సంగతి ఇంకా తేలలేదు. అంకె మార్చాలని సగం మంది, ముట్టుకుంటే ఊరుకోమని సగం మంది. దాని మీద పెట్టిన మీటింగుకు లెస్టర్ వెళ్ళలేదు.

ఆ సాయంత్రం ఇంట్లోనే ఉండి ఏవిస్ మోకాలికి మందు నూనె రాశాడు. ఇన్నేళ్ళూ ఆమె తానే రాసుకునేది.

"మెల్లిగా," అంది ఆమె. "రుద్దుతున్నది కాలు, గోడ కాదు."