విమానం దిగినవాళ్ళకి ముందు మంచినీళ్ళు

నా చిన్నప్పుడు కూడా మేం కువైట్‌లోనే ఉండేవాళ్ళం. ఇసుకలో పెరిగానంటే మా కోనసీమ చుట్టాలు ఇప్పటికీ అయ్యో పాపం అంటారు. ఏం పాపం? మాకో డాబా ఉండేది, దాని మీద బోలెడంత ఆకాశం ఉండేది. ఆ ఏడాది అమ్మ పురిటికి అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళింది. నాన్నా నేనూ మిగిలాం. తమ్ముడే పుడతాడని ఎవరినీ అడక్కుండానే తేల్చేసుకున్నాను. సాయంత్రమైతే చాలు, డాబా ఎక్కి కనబడ్డ ప్రతి విమానానికీ చెయ్యూపడం, కిందికి దిగి తమ్ముడెప్పుడొస్తాడని నాన్న ప్రాణం తీయడం, అదే నా పని.

కింది వాటాలో ఒక తాతయ్య ఉండేవారు. సొంత తాతయ్య కాదు, మా గోదావరి వైపు మనిషే. సబ్హాన్‌లో కార్ల షెడ్డులో మెకానిక్కు. కుర్రతనంలో రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళి బర్మా వైపు విమానాలు బాగుచేశారట. కోపం ముక్కు మీదే ఉండేది. ఆయన స్పానర్ ముట్టుకున్నామో, ఖలాస్, వీపు విమానం మోతే! కానీ పాత విమానం మాటెత్తితే మాత్రం ఇట్టే మెత్తబడిపోయేవారు.

ఒక శుక్రవారం నాన్న నన్ను ఆయన దగ్గర వదిలి బయటికి వెళ్ళారు. నేను అలవాటుగా డాబా మెట్లెక్కబోతే ఆయన రెక్క పట్టుకుని కూర్చోబెట్టి, తన విమానం సంగతి మొదలెట్టారు.

దాని పేరు హరికేన్. ఒక్క మనిషి ఎక్కి నడిపే యుద్ధవిమానం. మొదట్లో రెక్కలకి కూడా గుడ్డే బిగించేవారట. ముందు తిరిగే పంకాకి రెండే చెక్క రేకలు. తరవాత రెక్కలకి లోహపు రేకు వచ్చింది, పంకాకి మూడో రేక వచ్చింది, ఎనిమిది తుపాకులు పన్నెండయ్యాయి, ఆఖరికి బాంబులు కూడా తగిలించారు. "మోసే కోడలి నెత్తి మీదే ఇంకో బిందె పెడతారు చూడు, అలాగన్నమాట," అని నవ్వారు. దుమ్ము దేశాలకి పంపేవాటికి మూతి కింద జల్లెడ కూడా కట్టేవారట. అంతకంటే వేగం గలవి వచ్చాక దాన్ని అడవుల మీద కిందుగా ఎగిరి వంతెనలు కొట్టడానికి వాడుకున్నారు. వెనక భాగం మాత్రం ఎప్పుడూ గుడ్డే. చిల్లు పడితే అతుకేసి, గుడ్డ బిగిసేలా మందు పూసి, ఆరగానే మళ్ళీ పంపేవారట.

రెక్కల్లో తుపాకీ గొట్టాల కన్నాలుంటాయి కదా, వాటిలోకి దుమ్ము పోకుండా ఎర్ర గుడ్డ ముక్కలు అంటించేవాళ్ళం అన్నారు. పైన తుపాకులు పేలితే ఆ ముక్కలు చిరిగిపోతాయి. విమానం దిగగానే వీళ్ళు ముందు చూసేది ఆ గుడ్డనే. చిరిగి ఉంటే పైన ఏదో జరిగిందని అర్థం. ఎవరు పోయారో, ఏం చూసి వచ్చారో, ఒక్క ముక్క అడిగేవారు కాదట.

"మరి ఏం చేసేవారు?" అన్నాను.

"దిగినాయన చేతిలో మంచినీళ్ళు పెట్టేవాళ్ళం. చెప్పాలనిపిస్తే ఆయనే చెప్తాడు. నువ్వూ గుర్తుపెట్టుకో, అమ్మడూ."

నాకేమో తుపాకులు నచ్చాయి. నీళ్ళ సంగతి అంత పట్టలేదు.

ఆ మధ్యాహ్నమే తలుపు చప్పుడైంది. నాన్న పెట్టెతో నిలబడి ఉన్నారు. పక్కన అమ్మ. అమ్మ చేతులు ఖాళీగా ఉన్నాయి. చీర కొంగు ఊరికే రెండు చేతులతో పట్టుకుని ఉంది. తమ్ముడేడీ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. తాతయ్య వైపు చూశాను. ఆయన నా వైపే చూస్తున్నారు. పరుగెత్తుకెళ్ళి కూజాలోంచి గ్లాసు నింపి తెచ్చి అమ్మకిచ్చాను. అమ్మ గడగడా తాగేసి, గుమ్మంలోనే కూలబడి, నన్ను ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది. అంత ఏడుపు నేను మళ్ళీ వినలేదు.

తమ్ముడే పుట్టాడనీ, దక్కలేదనీ నాన్నకి ముందే కబురు వచ్చిందట. నాకెలా చెప్పాలో తెలియక, తాతయ్యనే చెప్పమని బతిమాలుకున్నారట. ఈ సంగతి నాకు పెళ్ళయ్యాక నాన్నే చెప్పారు. యుద్ధం చూసొచ్చిన ఆ కోపిష్టి మనిషికి ఆ పూట నన్ను చూస్తే ఎంత జాలేసి ఉంటుందో!

ఇప్పుడు నేను కువైట్‌లోనే జాబ్రియాలో ఉంటున్నాను. ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళు ఊళ్ళో అయినవాళ్ళని కాటికి సాగనంపి వచ్చి, ఎయిర్‌పోర్టు నుంచి తిన్నగా నా దగ్గరికే వస్తుంటారు. వాళ్ళు మామా అని పిలిచే యజమానురాలి ఇంట్లో ఏడవడానికి చోటుండదు పాపం. నేను మంచినీళ్ళిచ్చి కూర్చోబెడతాను.

అయితే ఒక్కటుంది. చెప్పాలనిపిస్తే చెప్తారన్నారు తాతయ్య. మా అమ్మ ఏనాడూ చెప్పలేదు. నేనూ ఏనాడూ అడగలేదు. నాన్న తమ్ముణ్ణి చూడనే లేదు. ఇప్పుడు అమ్మా లేదు, అమ్మమ్మా లేదు. వాడికి జుట్టుందా, అమ్మ పోలికా, నాన్న పోలికా, చెప్పేవాళ్ళు ఈ భూమ్మీద ఒక్కరూ లేరు. అందుకే, వచ్చినామె నీళ్ళు తాగాక కాసేపాగి, చెయ్యి పట్టుకుని నేనే అడుగుతాను: "చెప్పమ్మా, మీవాళ్ళు ఎలా ఉండేవారు?"