అనంతపురం కచేరీలో ఆగిన కమాన్లు

దయ్యాల కబుర్లంటే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్లు మంట. మునిమాపు వేళ గడప దాటొద్దని అమ్మ అంటే కావాలనే దాటేవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. అందుకే ఈ సంగతి తలుచుకుంటే నాకు భయం వేయదు, కోపం వస్తుంది.

యాభైల చివర్లో నేను గుంతకల్లు రైల్వేలో గుమాస్తాను. చర్చిలో వాయించి వాయించి ఫిడేలు వంటబట్టింది. మెయిలు డ్రైవరు విల్సన్ దొర, మిషన్ స్కూలు పంతులు ఒకాయన, లోకోషెడ్డు ఫిట్టరు ఖాదరన్న, నేను, నలుగురం కలిసి క్వార్టెట్లు వాయించేవాళ్లం. దొరది మొదటి ఫిడేలు, నాది రెండోది, పంతులుది మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించే చెల్లో. ఖాదరన్నది వయోలా, అంటే కాస్త పెద్ద ఫిడేలు.

దొరకు ఒకటే పిచ్చి. ఒక జర్మన్ మహానుభావుడు తన చెవులు పూర్తిగా పోయాక రాసిన చివరి క్వార్టెట్లు. తలకిందులుగా తపస్సు చేసినా లొంగేవి కావు. పైగా మా కరువు గాలికి తీగలు బిగించే బిరడాలు ఎండి జారిపోయేవి. చెల్లో పగలకుండా గదిలో తడి గోనెపట్టాలు వేలాడదీసేవాళ్లం.

వాటిలో ఒకదానికి మధ్యలో నెమ్మదిగా నడిచే భాగం ఉంది. వాయిస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగేవి. కానీ ఒక్కసారైనా తెంపు లేకుండా చివరిదాకా వాయిస్తే ఒట్టు! సాధన గది పట్టాల పక్కనే. మేం కూర్చునే వేళ మారేది కాదు, సాయంత్రం బండి వేళా మారేది కాదు. సరిగ్గా ఒక చోటికి రాగానే కూత పెట్టుకుంటూ వచ్చేది. ఖాదరన్న తీగల మీంచి కమాను పైకెత్తి, "బండి పోనీ అన్నా" అనేవాడు. చిన్నా పెద్దా అందరూ ఆయనకు అన్నలే. గోడల అదురు ఆగాక ఆయన తల ఊపితే మళ్లీ అందుకునేవాళ్లం.

"పట్టాల్లేని చోట ఒగసారి వాయించల్లప్పా" అని నేను విసుక్కుంటే, "యాడికి పోతావన్నా, బండి ఆడికీ వస్తాది" అని నవ్వేవాడు.

ఆ ఎండాకాలం ఖాదరన్న గుండెనొప్పితో పోయాడు. దొరకు ఆస్ట్రేలియా ప్రయాణం ఖాయమైంది. వెళ్లేలోగా అనంతపురంలో ఒక కాలేజీ హాల్లో కచేరీ కుదిరింది. స్టేషను దూరం. నాకు అదే ఆఖరి అవకాశం.

వయోలాకు మద్రాసు నుంచి ఒకాయన్ని పిలిపించాం. తెలుగు ముక్క రాదు, గుంతకల్లు మొహం చూడలేదు. నేరుగా అనంతపురంలో దిగి, అక్కడే మాతో కలిసి వాయించి చూసుకున్నాడు. టైము చాలక ముక్కలు ముక్కలుగానే వాయించాం గానీ, ఆ చోట మాత్రం ఎవరమూ ఆగలేదు. బండి సంగతి ఆయనకు చెప్పాల్సిన పనే రాలేదు.

కచేరీలో ఆ చోటు దగ్గరపడింది. ఇవాళ ఆగేది లేదని పళ్లు బిగబట్టాను. అంతలో మద్రాసాయన కమాను పైకెత్తేశాడు. అలవాటు కొద్దీ మా ముగ్గురి చేతులూ లేచిపోయాయి. కూత లేదు, అదురు లేదు. వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. ఒక బండి పోయేంత సేపయ్యాక ఆయన తల ఊపాడు. మళ్లీ అందుకున్నాం.

తెర వెనక్కి రాగానే ఆయన మీద పడ్డాను. ఎందుకు ఆపావయ్యా, నా కొంప ముంచావు గదా అని ఇంగ్లీషులో అరిచాను. ఆయన తెల్లబోయాడు. పక్కన ఎవరో ఒకాయన మోచెయ్యి పట్టుకుని ఆపాడనీ, వదిలాకే తల ఊపాననీ, మీ మనిషే అనుకున్నాననీ చెప్పాడు. మా కుర్చీల మధ్య ఇంకో మనిషి పట్టే చోటే లేదు. ఆ తర్వాత, పలకడం రాక పలుకుతూ, నన్నే అడిగాడు.

"బండి పోనీ అన్నా... వాట్ ఈజ్ దట్?"

పంతులు తెర తొలగించి మా కుర్చీలు లెక్కపెట్టాడు.

ఆగినందువల్ల తప్పిన గండమేమీ లేదు. హాలు కప్పు కూలలేదు, ఎవరికీ మేలు జరగలేదు. మరి ఎందుకు ఆపినట్టు? ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా నాకు అంతుబట్టలేదు. దొర ఓడెక్కి వెళ్లిపోయాడు. ఆ భాగం తెంపు లేకుండా వాయించే యోగం నాకు మళ్లీ రాలేదు.

ఇంట్లో ఒంటరిగా వాయించుకున్నా అక్కడికి రాగానే చెయ్యి లేస్తుంది. "పోయిందిలే ఖాదరన్నా, బండి ఎప్పుడో పోయింది!" అని అరుస్తాను. తల ఊపేవాళ్లు లేక చెయ్యి అట్లాగే ఉండిపోతుంది.