తడవని పొత్తిగుడ్డ

నా చిన్నప్పుడు మా తాతయ్య ఇంట్లో పొత్తిగుడ్డలు ఉతికే పని నాది. తాతయ్య పాత పంచెలు చింపి, అమ్మ మెత్తటి ముక్కలుగా మడిచి పెట్టింది. పుట్టి పన్నెండు రోజులైన తమ్ముడు వాటిని తడిపేవాడు. నేను కాలువ రేవుకి తీసుకెళ్ళి జాడించి, తెచ్చి దడి మీద ఆరేసేదాన్ని. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నాన్నకి గుడివాడలో ఉద్యోగం. పురిటికని అమ్మ నన్ను వెంటబెట్టుకుని దివిసీమలో తన పుట్టింటికి వచ్చింది. అమ్మమ్మ అప్పటికే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఇంట్లో తాతయ్య ఒక్కడే.

తాతయ్య ఆ ఊరి క్రైస్తవ సంఘానికి పెద్ద. తెల్లారకముందే లేచి మోకాళ్ళ మీద ఉండేవాడు. ఆయన ప్రార్థనలో ఊళ్ళో ప్రతి ఇంటి పేరూ వచ్చేది, చివరికి ఈనబోతున్న గేదెలతో సహా. ఆయన నోట వచ్చిన మాట జరిగి తీరుతుందని నేను నిజంగా నమ్మేదాన్ని. ఇప్పటికీ ప్రార్థన మీద నా నమ్మకం తగ్గలేదు. నేను చెప్పబోయేది దాన్ని తగ్గించే సంగతి కూడా కాదు.

అది నడివేసవి. తమ్ముడు పుట్టిన మొదటి వారమంతా బాగానే ఉన్నాడు. రోజుకి ఎనిమిది, తొమ్మిది గుడ్డలు తడిపేవాడు. ఆ తర్వాత అమ్మకి రొమ్ము పగిలి పాలివ్వడం కష్టమైంది. ఇరుగుపొరుగు చెప్పిన ప్రకారం పంచదార నీళ్ళు ఉగ్గుగిన్నెతో పట్టడం మొదలుపెట్టారు. పసిగుడ్డుకి గాలి తగలకూడదని కిటికీలు మూసేశారు. వాడు మూడు రోజులు గుక్కపట్టి ఏడ్చాడు. ఆ మూడు రోజులూ తాతయ్య ఉపవాసం ఉండి ప్రార్థించాడు. శనివారం మధ్యాహ్నానికి ఏడుపు ఆగిపోయింది.

ఆదివారం ఆరాధనలో తాతయ్య లేచి సాక్ష్యం చెప్పాడు. దేవుడు చేసిన మేలుని సంఘం ముందు నిలబడి చెప్పడాన్ని మేం సాక్ష్యం అంటాం. మూడు రోజులు ఏడ్చిన బిడ్డని ప్రభువు ముట్టి బాగుచేశాడని ఆయన చెబుతుంటే ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ గట్టిగా అన్నాను.

శనివారం నేను ఉతికిన గుడ్డలు నాలుగు. ఆదివారం పొద్దుటి నుంచి సోమవారం పొద్దుటి దాకా రెండే. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే పని తగ్గిందని సంతోషించాను.

సోమవారం అమ్మ పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని, “నాన్నా, వీడు లేవడం లేదు. రొమ్ము నోట్లో పెట్టినా పట్టడం లేదు. బందరు తీసుకెళ్దాం,” అంది.

“సాక్ష్యం చెప్పి ఒక్కరోజు కాలేదు కదమ్మా.”

“సాక్ష్యం సంగతి తర్వాత చూద్దాం. నాకు భయంగా ఉంది.”

అమ్మ తృప్తి కోసమని తాతయ్య ఒప్పుకున్నాడు. బస్సు ఆగే చోట టీకొట్టాయన మమ్మల్ని చూసి, “ఏంటి పెద్దాయనా, నిన్న నయమైపోయిందన్నారంట? మరి బస్సెక్కుతున్నారేంటి? మీ దేవుడు సగంలో వదిలేశాడా?” అన్నాడు. బల్ల మీద కూర్చున్న నలుగురూ నవ్వారు. తాతయ్య గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, “దాని తృప్తి కోసం లేరా అబ్బాయ్,” అన్నాడు. ఆ నవ్వు నా చెవుల్లోనే ఉండిపోయింది.

బందరులో చిన్నపిల్లల డాక్టరమ్మ ఒకావిడ ఉండేది. ఇంటికి ముందున్న రెండు గదులే ఆస్పత్రి. ఒక గదిలో బల్ల, తూకం. ఇంకొక గదిలో నాలుగు మంచాలు. ఆవిడ నుదుట పెద్ద బొట్టు, చేతికి మగవాళ్ళ గడియారం. పిల్లాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, నోట్లో వేలు పెట్టి చూసింది. పొట్ట మీద చర్మం మెల్లగా పైకి లాగి వదిలింది. తర్వాత, “ఉచ్చ ఎన్నిసార్లు పోస్తున్నాడు?” అని అడిగింది.

అమ్మ నావైపు చూసి, “గుడ్డలు ఉతికేది ఇదేనండీ,” అంది.

డాక్టరమ్మ కుర్చీతో సహా నావైపు తిరిగింది. అంతవరకూ ఏ పెద్దవాళ్ళూ నన్నలా ఎదురుగా కూర్చుని అడగలేదు. “చెప్పమ్మా. నిన్న పొద్దుటి నుంచి ఇవాళ పొద్దుటి దాకా ఎన్ని ఉతికావు?”

తాతయ్య నా వెనకే నిలబడి ఉన్నాడు. రెండు అంటే ఆయన సాక్ష్యం అబద్ధమవుతుంది. టీకొట్టు దగ్గర నవ్వినవాళ్ళ మాట నిజమవుతుంది. నాకప్పుడు తోచింది అంతే.

“ఎనిమిది,” అన్నాను.

తాతయ్య ఊపిరి వదలడం నాకు వినిపించింది. డాక్టరమ్మ మాత్రం, “నాలిక ఎండిపోయింది. నాలుగు రోజులు ఇక్కడే ఉంచాలి,” అంది. తాతయ్య వెంటనే, “ఎనిమిదిసార్లు పోశాడంటుంది కదండీ పిల్ల. ఏదన్నా మందుంటే ఇవ్వండి, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతాం,” అన్నాడు. నేను ఆయన పరువు కాపాడదామని చెప్పిన మాటని పట్టుకుని ఆయన తమ్ముణ్ణి ఇంటికి తీసుకెళ్ళబోతున్నాడు.

ఆవిడ వాదించలేదు. బీరువాలోంచి తెల్లటి గుడ్డ ఒకటి తీసి తమ్ముడి కింద పరిచింది. “రోజుకి ఎనిమిదిసార్లు పోసేవాడు రెండు మూడు గంటల్లో ఒక్కసారన్నా పోస్తాడు కదండీ. ఈ గుడ్డ తడిసేదాకా ఉండండి. తడవగానే తీసుకెళ్ళిపోండి, నేను అడ్డం చెప్పను,” అంది. తర్వాత నాతో, “నువ్విక్కడే కూర్చో. తడవగానే నన్ను పిలువు,” అంది. అమ్మని పాలు పిండి చెంచాతో పట్టమంది. అమ్మ పట్టిన నాలుగైదు చెంచాలూ వాడు అతి కష్టం మీద మింగాడు. ఇంకొంచెం పిండడానికి అమ్మ ఆయాతో లోపలికి వెళ్ళింది. తాతయ్య బయట వసారాలో బెంచీ మీద కూర్చున్నాడు. కిటికీలోంచి ఆయన వీపు కనిపిస్తోంది.

నేను ఆ గుడ్డ మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. పొడిగా ఉంది. ప్రభువా, ఒక్కసారి తడిసేలా చెయ్యి అని ప్రార్థించాను. నాకు వచ్చిన కీర్తనలన్నీ మనసులో పాడుకున్నాను. చాలాసేపైంది. గుడ్డ పొడిగానే ఉంది.

మూలన స్టూలు మీద మంచినీళ్ళ కూజా ఉంది. దాన్ని చూసిన తర్వాత నేనేం ఆలోచించానో నాకిప్పటికీ బాగా గుర్తుంది. దేవుడు తడపడం కాస్త ఆలస్యం చేస్తున్నాడు, ఈలోగా నేను తడిపితే తప్పేంటి అనుకున్నాను. గ్లాసులోకి నీళ్ళు వంచుకుని, చెయ్యి ముంచి తమ్ముడి దగ్గరికి వచ్చాను. చెయ్యి గుడ్డ దాకా వెళ్ళకముందే, వేళ్ళ చివరి నుంచి ఒక చుక్క వాడి పెదవి మీద పడింది.

కళ్ళు తెరవలేదు కానీ, వాడు నాలిక బయటపెట్టి ఆ చుక్క కోసం వెతికాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ.

“తాతయ్యా!” అని అరిచాను. ఆయన లోపలికి వచ్చాడు, వెనకే డాక్టరమ్మ. “ఎనిమిది కాదు, రెండే. నిన్నా ఇవాళా కలిపి రెండే,” అని ఏడ్చేశాను. తాతయ్య పొడిగుడ్డని చూశాడు, నీళ్ళు కారుతున్న నా చేతిని చూశాడు. తిడతాడనుకున్నాను. ఆయన గొడుగు గోడకి ఆనించి, “ఉంచండమ్మా. ఎన్నాళ్ళంటే అన్నాళ్ళు ఉంచండి,” అన్నాడు.

డాక్టరమ్మ తన పైట కొంగుతో నా చెయ్యి తుడిచింది. “పొడిగుడ్డ కూడా మీ దేవుడికి కనిపిస్తుందిలేమ్మా. ఆయన కోసం నువ్వు తడపక్కర్లేదు,” అంది. మా సంఘంలో అంతకుముందూ ఆ తర్వాతా ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆ మాట చెప్పినావిడ మా సంఘం మనిషి కాదు.

నా లెక్కని ఆవిడ మొదటే నమ్మలేదని అమ్మ చాలా ఏళ్ళకి చెప్పింది. నమ్మించాల్సింది తాతయ్యని. ఆ పని తను వాదించడం కన్నా గుడ్డ బాగా చేస్తుందని ఆవిడకి తెలుసు. ఏడుపు ఆగడం నయం కావడం కాదనీ, ఏడవడానికి కూడా ఓపిక లేకపోవడమనీ ఆవిడ తాతయ్యని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిందట.

మర్నాడు సాయంత్రం తమ్ముడు తాతయ్య ఒళ్ళోనే పోశాడు, తెల్లటి పంచె మోకాళ్ళ దాకా తడిసేలా. ఆయన లేవలేదు, మార్చుకోలేదు. “రాసుకో అమ్మలూ, ఒకటి!” అని నన్ను పిలిచాడు. నాలుగో రోజుకి వాడి ఏడుపు వీధిలోకి వినిపించింది. ఆ ఏడుపు విని అమ్మ నవ్వింది.

తర్వాతి ఆదివారం తాతయ్య మళ్ళీ లేచాడు. “పోయిన వారం నేను తొందరపడ్డాను. బిడ్డ నీరసించి ఊరుకుంటే, నయమై ఊరుకున్నాడని చెప్పాను. ఆ సంగతి గుడ్డలు ఉతికే పిల్లకి తెలుసు. నేను దాన్ని అడగలేదు,” అన్నాడు. బందరు డాక్టరమ్మ చేతులని బట్టి దేవుడికి వందనాలు చెప్పి కూర్చున్నాడు. ముందుగా వెనక వరసలోంచి ఒక ముసలామె స్తోత్రం అంది, తర్వాత అందరూ అన్నారు. వచ్చేటప్పుడు టీకొట్టు దగ్గర ఆయనే ఆగి, “సగంలో వదల్లేదురా అబ్బాయ్, నేనే సగంలో చెప్పేశాను,” అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ తమ్ముడికి ఇప్పుడు మనవలున్నారు. నా మనవరాలు మొన్నీమధ్య గుడివాడలో ప్రసవించింది. నాలుగో రోజున పిల్లల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తే, నర్సమ్మ అడిగిన మొదటి ప్రశ్న అదే, ఉచ్చ ఎన్నిసార్లు పోస్తోందని. మనవరాలు ఫోన్‌లో లెక్క వెతుక్కునేలోగా నేను చెప్పేశాను. “ఇవాళ నాలుగే. నిన్న ఐదు.” తూకం చూసి, పాలు పట్టే పద్ధతి మార్చి, రెండు రోజులాగి మళ్ళీ రమ్మన్నారు.

ఇంటికి రాగానే మా స్త్రీల ప్రార్థన కూడిక నుంచి ఫోను. “పాప బాగుందంట కదా అక్కా, ఆదివారం సాక్ష్యం చెప్తారా?” అని అడిగింది ఒక చెల్లెలు.

“ఇంకా ప్రార్థన చెయ్యండమ్మా, ఇవాళ నాలుగే,” అన్నాను. దడి మీదున్న గుడ్డలు ఇంకోసారి లెక్కపెట్టడానికి లేచాను.