ఎండలో నోరు తెరిచిన మామ

ఆ రోజుల్లో నా కాలు ఒకచోట నిలిచేది కాదు. కెమిస్ట్రీ డిగ్రీ పూర్తిచేసి ముంబై దగ్గరి భివండీలో, నిజాంపురాలోని ఒక రంగుల దుకాణంలో కొత్తగా చేరాను. లోకంలోని రంగులన్నీ నాకే తెలుసనుకునేవాణ్ణి. (నూలుకు రంగు ఎంతసేపు ఉడకాలో మాత్రం తెలియదు.) అందుకే మామ నోట్లో తెల్లమచ్చ లేచి, ముదరకముందే తీసెయ్యాలని ముంబై ఆసుపత్రివాళ్లు అన్నప్పుడు అత్త తోడుగా నన్నే పంపింది. ఆ తర్వాతి కథను మా బంధువులు మామ అమాయకత్వం కింద చెప్పుకుని ఇప్పటికీ నవ్వుతారు. జరిగింది అది కాదు.

అక్కడ వాడింది అప్పట్లో కొత్త మందు, అణువు నడుమ అల్యూమినియం ఉన్న ఒక రంగు. నరంలోకి ఎక్కిస్తే చెడ్డచోట పేరుకుంటుంది. ఒక దీపం కింద మెరిసి జాడ చెబుతుంది, ఇంకో ఎర్రదీపం పెడితే ఆ చోటునే చంపుతుంది.

"సిల్వర్ గంజుల ఉండేదేనా అల్లుడా?" అన్నాడు మామ. (మా ఇళ్లలో అల్యూమినియం గిన్నెలను సిల్వర్ అంటారు.)

"గదే మామా. వెలుగు పడ్డదా, రోగం ఖతం!"

"పక్కా రంగేనా?"

"ఏక్‌దమ్ పక్కా!"

నూలుకైతే పక్కా రంగే, అంటే వదలనిదే గొప్ప. ఒంట్లో మాత్రం అది కొన్ని వారాల్లో వదిలిపోవాలి, అందాకా ఎండ తగలకూడదు. మామ లోపల పడుకుని ఉండగా డాక్టరమ్మ ఈ మాట నాకు చెప్పి, ఆయనకు గట్టిగా చెప్పమంది. నా చూపు గడియారం మీద, మనసు భివండీ బస్సు మీద. పొద్దంతా గైబీ నగర్ కార్ఖానాలో మరమగ్గాల మధ్య ఉండే మనిషికి ఎండ ఎక్కడిదిలే అనుకుని చెప్పలేదు.

కరెంటు పోతుందన్న సంగతి మరిచాను. మూడోనాడు మగ్గాలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. నేను వెళ్లేసరికి మామ ఇంటి బయట మంచం వేసుకుని, సూర్యుడి వైపు నోరు తెరిచి కూర్చున్నాడు.

"ఏందయ్యా, ఈగలు పడుతున్నవా?" అంది అత్త.

"నీకెరుక లేదు తియ్. దవఖానల దీపానికి పైసలు, గీ దీపం ఫుకట్!"

సాయంత్రానికి ముఖం టమాటా అయింది, తెల్లారేసరికి పొక్కులు. మచ్చ ఏమవుతుందో, మామ ఏమవుతాడో తెలియక ధామన్కర్ నాకా దాకా ఊరికే నడిచి, మళ్లీ వెనక్కి నడిచేవాణ్ణి. ఆసుపత్రిలో డాక్టరమ్మ "ఎండ సంగతి చెప్పలేదా?" అని నా మీద కేకలేసింది. నేను నోరు తెరిచేలోపే మామ అడ్డుపడి, "వాడు చెప్పిండు, నేనే మర్చిన" అన్నాడు.

తోలు ఊడి కొత్త తోలు వచ్చింది, అదృష్టం కొద్దీ మచ్చ కూడా పోయింది. 'సోలార్ మామ' అన్న పేరు మాత్రం పోలేదు. ఆ పేరుకు అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

మొన్న ఆయన దగ్గర కూర్చుని, "మామా, ఆ దినం ఎండ సంగతి నేను నీకు చెప్పనే లేదు" అన్నాను.

"ఎరికేరా. ఆనాడు నా మొఖం కన్నా నీదే ఎర్రగ ఉండె."

అంతలో కరెంటు పోయింది. మామ బయటికొచ్చి మంచాన్ని నీడలోకి జరుపుకుని, పక్కన నాకూ చోటిచ్చాడు. కూర్చున్నానో లేదో, నా చెయ్యి దానంతటదే వాచీ మీదికి పోయింది. అది చూసి నాకే నవ్వొచ్చింది.